రెండు సీసాలు, ఐదు రోజులు: ఓరుగల్లు నుంచి అంకాపూర్ దాకా

గుంటూరు తిరిగొచ్చి ఆరు రోజులైంది. సంచి అడుగున ఇంకా రెండు వస్తువులు మిగిలాయి: వాడగా మిగిలిన చపాటా మిరపకాయలు, ఒక ఖాళీ సీసా. మిరపకాయలు ఎలాగూ వంటింటికి చేరతాయి. సీసా సంగతే తేలడం లేదు. పారేయమని మా ఆవిడ, ఉండనిమ్మని నేను.

ఆ సీసా ఫ్రాన్సు నుంచి వచ్చింది. మా అక్కను ముప్పై రెండేళ్ల కిందట హనుమకొండ వాళ్లకిచ్చాం. ఆమె కొడుకు ఏడేళ్లుగా లియోన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ నగరానికి ఉత్తరాన బోజొలే అనే కొండసీమ ఉంది. అక్కడ గమే అనే నల్లద్రాక్షతో ఎర్ర వైన్ చేస్తారు. అందులో ఒక రకాన్ని మాత్రం ఆ ఏటి పంటతోనే చేసి, కొద్ది వారాల్లోనే సీసాలకెత్తి, నవంబర్ మూడో గురువారం నాడు అమ్మకానికి వదులుతారు. దాని పేరు బోజొలే నూవో, అంటే కొత్త బోజొలే. ఈసారి ఆ గురువారం 20వ తేదీన పడింది. మావాడు 25న ఇల్లు చేరాడు, స్వెట్టర్లలో చుట్టిన రెండు సీసాలతో.

“వైన్ ఎంత పాతదైతే అంత గొప్పదంటారు కదా, కొత్తది తెచ్చావేమిటి?” అని ఫోనులో అడిగితే, “మామయ్యా, ఇది తాటి ముంజె లాంటిది. ముదిరితే తినలేం” అన్నాడు. ఆ ముంజెకు మన తిండిలో జోడీ వెతకాలని వాడి పంతం. పది రోజుల సెలవు. తినే పని కనుక నేనూ కాదనలేదు.

నవంబర్ 27, గురువారం. హనుమకొండ

నేను చేరేసరికి అక్క సర్వపిండి మొదలుపెట్టింది. మా వైపు తపాలచెక్క అంటాం. ఇక్కడ గిన్నప్ప అన్న మాట కూడా విన్నాను. పేరు ఏదైనా అసలు పని గిన్నెది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లికాడలు, కారం వేసి తడిపింది. ముద్దను లోతైన ఇత్తడి గిన్నెలో పెట్టి అడుగు నుంచి గోడల మీదికి వేళ్లతో తట్టుకుంటూ పోయింది. తర్వాత చూపుడువేలితో ఏడెనిమిది కన్నాలు పొడిచి, ఒక్కో కన్నంలో కాస్త నూనె వదిలి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచింది. ఇరవై నిమిషాలు ఎవరినీ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తీసేసరికి ప్రతి కన్నం చుట్టూ ఎర్రగా కాలిన వలయం, అంచు కరకర, నడుమ మెత్తన. రెండోది తట్టే ముందు గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చాలి. వేడి గిన్నెకు పిండి అంటదు. ఆ పది నిమిషాల ఆలస్యం భరించడం ఆకలిగా ఉన్న తమ్ముడికి కష్టమే.

ఈలోపు మేనల్లుడు తన వంట తను చేశాడు. పొద్దున్నే పెరుగును గుడ్డలో కట్టి పంపుకు వేలాడదీశాడు. దిగిన గట్టి ముద్దలో వెల్లుల్లి, ఉల్లికాడలు, మిరియాల పొడి, ఉప్పు, కాస్త నూనె కలిపాడు. లియోన్‌లో పచ్చి చీజ్‌తో దీన్ని చేస్తారట. పేరు వింటే నవ్వొస్తుంది, ‘నేతగాళ్ల మెదడు’. ఆ నగరంలో పట్టు నేసేవాళ్లను కనూలనేవారు. కూలి రేట్ల కోసం 1831లో ఒకసారి, 1834లో ఇంకోసారి తిరగబడిన వాళ్లు వీళ్లే. “మన కొత్తవాడ జంపఖానాల నేతగాళ్ల పేరు మీద ఎవరైనా ఇలాంటి పచ్చడి పెడితే మగ్గం కర్ర తీసుకొస్తారు” అన్నాడు బావ. ఆయన హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. మందు ముట్టడు, వాసన మాత్రం చూస్తానన్నాడు.

సీసాను నలభై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీశారు. ఎర్ర వైన్‌ను చల్లబరచకూడదని ఎక్కడో చదివిన గుర్తు. ఇది మాత్రం పన్నెండు, పదమూడు డిగ్రీల దగ్గర తాగాలట. ఇంట్లో గాజు గ్లాసులు మూడే ఉన్నాయి. నాకు స్టీలుది వచ్చింది, రంగు చూడటానికి అక్క గ్లాసు అడగాల్సి వచ్చింది. నేరేడుపండ్లు తిన్న పిల్లాడి నాలుక రంగు.

అక్క ముక్కు దగ్గర పెట్టుకుని, “అరటిపండు వాసన వస్తోందిరా. నీకెవరో ఎసెన్సు కలిపి అంటగట్టారు” అంది.

వాడు ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నాడు. ఎసెన్సు కాదు, చేసే తీరు వల్ల వచ్చే వాసన అది. ద్రాక్షను ముందే చిదమరు. చేతితో కోసిన గుత్తులను తొడిమలతో సహా తొట్టిలో నింపి మూసేస్తారు. బరువుకు అడుగున నలిగిన పండ్ల రసం పులిసి బొగ్గుపులుసు వాయువు పైకి లేస్తుంది. పైన ఉన్న పండుకు గాలి అందదు. అప్పుడది చితక్కుండానే, తన తొక్క లోపలే పులవడం మొదలుపెడుతుంది. కొత్త వైన్‌కైతే నాలుగైదు రోజుల్లో ఆ దశ అయిపోతుంది. తొక్క, గింజలు రసంలో ఎక్కువ కాలం నానవు కనుక వగరు దిగదు. పండు వాసన, పులుపు మిగులుతాయి.

“మామిడికాయలు గడ్డిలో మాగబెట్టినట్టా?” అంది అక్క.

“ఇంచుమించు” అన్నాడు, మరీ ఒప్పుకోలేక.

రుచికి వస్తే, మొదటి గుక్కలో నాకు నిరాశే కలిగింది. పలచన. దానిమ్మరసంలో నీళ్లు కలిపారా అనిపించింది. సర్వపిండి ముక్క నమిలి రెండో గుక్క తాగాక సంగతి అర్థమైంది. పల్లీల జిడ్డును పులుపు కడిగేసింది, నువ్వుల కమ్మదనం నాలుక మీద ఉండిపోయింది. మొదటి సీసా మూడింట రెండు వంతులు ఖాళీ అయింది. ‘నేతగాళ్ల మెదడు’ను బావ అన్నంలో కలుపుకుని తిన్నాడు. మావాడు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

నవంబర్ 28, శుక్రవారం. ఎనుమాముల, ఖిలా వరంగల్

శని, ఆదివారాలు మార్కెట్‌కు సెలవు కనుక పొద్దున్నే ఎనుమాముల వెళ్లాం. కారుకు రోజుకు రెండు వేల ఐదు వందలు, డీజిలు మన ఖర్చు. డ్రైవరు కుర్రాడు మాటకారి.

మిర్చి చూద్దామని నా ఆశ. కళ్లకు కనిపించిందంతా పత్తి. ట్రాలీల నిండా, షెడ్ల కింద, గోనెల్లో, జనం చెప్పుల కింద కూడా పత్తే. అక్టోబర్ చివర మొంథా తుఫాను ఈ జిల్లాను నీళ్లలో ముంచింది. తడిసిన పత్తి ఇంకా వస్తూనే ఉంది. పన్నెండు శాతం తేమ దాటితే సర్కారు ధరకు కొనరు. ఒక రైతు తేమ కొలిచే యంత్రాన్ని, అది పట్టుకున్న మనిషి మొహాన్ని మార్చి మార్చి చూస్తున్నాడు. అంకె చెప్పగానే ఏమీ మాట్లాడకుండా ఒక గుప్పెడు పత్తి తీసి పిడికిట్లో నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాడు. ఆ పత్తి నెమ్మదిగా విప్పారింది. మేం అక్కడ వైన్ జోడీ వెతుక్కుంటూ నిలబడ్డామని గుర్తొచ్చి పక్కకు జరిగాం.

“గుంటూరు నుంచి ఇక్కడికి మిర్చి చూడ్డానికి వచ్చారా!” అని ఒక గుమస్తా గట్టిగా నవ్వాడు. కొత్త పంట సంక్రాంతి తర్వాత గాని జోరందుకోదు. ఇప్పుడున్నదంతా శీతల గిడ్డంగుల సరుకే. అయినా జాలిపడి చపాటా రకం నమూనా తెప్పించాడు. మా వైపు మిరపకాయ సన్నగా కొరడాలా ఉంటుంది. ఇది పొట్టిగా, లావుగా, ముడతలు పడిన చిన్న టమాటాలా ఉంది. టమాట మిర్చి అని కూడా అంటారు. నర్సంపేట చుట్టుపక్కల పండే ఈ కాయకు 2025లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ముక్క తుంచి నమిలాను. మంట కోసం ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి చిన్న చురుకు, దాని వెనక తీపి లాంటిదేదో, వేళ్లకు మాత్రం కుంకుమ పూసినట్టు ఎరుపు. రంగు కోసమే దీన్ని కొంటారు. గుంటూరు వాడికి ఇది కొంచెం అవమానంగా ఉంటుంది. అరకిలో నూట డెబ్బైకి ఇచ్చారు.

మేనల్లుడు కాయను ఎండకెత్తి చూసి, “గమే కూడా ఇంతే మామయ్యా. రంగు చూసి భయపడతారు, లోపల వగరు ఉండదు” అన్నాడు.

మధ్యాహ్నం కోటకు. తోరణాల దగ్గర ఫొటోల రద్దీ, తప్పించుకుని ఏకశిల గుట్ట ఎక్కాం. ఓరుగల్లు అంటే ఒంటిరాయి, ఊరికి పేరు పెట్టిన రాయి ఇదే. బావ చెప్పులు విప్పి రాతిమీద కూర్చున్నాడు, పాత అలవాటు చొప్పున పాఠం మొదలైంది. దక్కన్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మావాడు తన సీమ వంతు అందుకున్నాడు. బోజొలే ఉత్తర భాగంలో ఎక్కువగా గులాబి రంగు గ్రానైట్, వయసు 30 కోట్ల ఏళ్ల పైచిలుకు. “అయితే అది మాకు మునిమనవడు” అన్నాడు బావ తృప్తిగా.

ఆ రాయి పొడై ఇసుక కలిసిన చల్క నేలగా మారిన చోట గమే బాగా పండుతుందట. అది అక్కడికి చేరడం వెనక ఒక వెలి ఉంది. 1395లో బుర్గుండి పాలకుడు ఫిలిప్ ఈ తీగను ద్రోహి మొక్క అని నిందించి తన సీమలో పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. విరగ్గాసి, కులీనమైన పినో నల్లద్రాక్షకు చోటు లేకుండా చేస్తోందని కోపం. దక్షిణాన ఈ పేద రాతినేలల్లో మాత్రం అది నిలిచి సొంతిల్లు కట్టుకుంది. ఇప్పుడు మోర్గాన్, ఫ్లరీ, బ్రూయీ లాంటి పది పల్లెసీమలు తమ సొంత పేర్లతో వైన్ అమ్ముకుంటాయి. అవి నాలుగైదేళ్లు దాచినా బాగుంటాయి. ఆ పది పేర్లతో కొత్త వైన్ అమ్మడానికి వీల్లేదు. కొత్తది మిగతా నేలల్లోంచి వస్తుంది.

దిగి వస్తుంటే మావాడికి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. పోల్చి చూడటానికి మన దేశపు ఎర్ర వైన్ ఒకటి కొందామని. తెలంగాణలో ప్రతి కూడలిలోనూ ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది కదా! మూడు దుకాణాలు తిరిగాం. విస్కీ ఉంది, బ్రాందీ ఉంది, బీరు పెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. మొదటి రెండు చోట్లా వైన్ అంటే మమ్మల్ని ఎగాదిగా చూశారు. మూడో చోట పై అరలోంచి దుమ్ము తుడిచి ఒక పోర్టు రకం తీశాడు. దగ్గుమందంత తీపి. అక్క దాన్ని క్రిస్మస్ కేకుకని దాచుకుంది.

నవంబర్ 29, శనివారం. వర్ధన్నపేట అవతల

బావ సొంతూరు వర్ధన్నపేట దాటి లోపలికి పోవాలి. దారి తనకు తెలుసని బావ, ఫోనులోని ఆడగొంతుకు ఇంకా బాగా తెలుసని డ్రైవరు. ఆడగొంతు గెలిచింది. మమ్మల్ని ఒక చెరువుకట్ట మీదికి ఎక్కించి, గమ్యం చేరారని ప్రకటించింది. ముందు నీళ్లు, వెనక బర్రెల మంద. మందను కాస్తున్న ముసలావిడ మా తెల్ల చొక్కాలు చూసి, “నామినేషను వేయడానికి వచ్చారా?” అంది. సర్పంచ్ ఎన్నికల రోజులు. బావ తన తండ్రి పేరు చెప్పాడు. ఆమె కర్ర చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చి బావ మొహం తేరిపార చూసి, “ఇంత ముసలివాడివి అయ్యావా!” అంది. ఆమెకు ఎనభై ఉంటాయి.

మేం వెళ్లింది కల్లు కోసం. తాటిచెట్ల వంతు ఇంకా రాలేదు. చలి మొదలైతే ఈతకల్లు మంచి రుచి పడుతుందని బావ తమ్ముడు ముందే చెప్పి పెట్టాడు. గీసే పెద్దయ్యకు అరవై దాటాయి, నడుముకు గీత కత్తులు పెట్టుకునే ముస్తాదు, భుజాన చెట్టెక్కే మోకు. ఈ ఊళ్లో నాలుగు తరాల గౌడ కుటుంబం వాళ్లది.

ఈతచెట్టును నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. గీసిన ఈతచెట్టును అంత దగ్గర నుంచి చూడటం మాత్రం ఇదే మొదటిసారి. తాటిచెట్టుకైతే గెల కోసి రసం పడతారు. ఈతకు మొవ్వు కిందే మానును చెక్కుతారు. ఈ ఏడు ఒక వైపు చెక్కితే వచ్చే ఏడు రెండో వైపు. అందుకే మాను నిటారుగా ఉండదు. అటొక నొక్కు, ఇటొక నొక్కు, మెట్లు చెక్కినట్టు వంకరగా పైకి పోతుంది. పెద్దయ్య కింది నుంచి వేలితో ఒక్కో గాటూ లెక్కపెట్టి, “పద్దెనిమిది” అన్నాడు. పద్దెనిమిది ఏళ్లు గీసిన చెట్టు. పన్నెండో గాటు దగ్గర మాను సన్నబడి ఉంది. “ఆ ఏడు వానల్లేవు” అన్నాడు, ఇంట్లో మనిషి జబ్బు గురించి చెప్పినట్టు.

చెట్టు మీది నుంచి పడకుండా సర్కారు 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో బెల్టులు, తాళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నీదేదీ అని బావ అడిగితే, “ఇంట్లో ఉంది సారూ. తాటిచెట్టుకు వేసుకుంటాను. ఇది రెండు నిలువులే కదా” అన్నాడు. బావ ఊరుకోలేదు, చీవాట్లు పెట్టాడు. పెద్దయ్య తలూపి, మోకు వేసుకుని అలాగే ఎక్కేశాడు.

దించిన లొట్టిలో పైన నురగ, నురగలో రెండు తేనెటీగలు. గుడ్డలో వడగట్టి, మొదటి చుక్కలు నేల మీద సాక పోశాడు. అప్పుడు మాకు తాటాకు రేకలు మడిచి ఇచ్చాడు. గొంతుకూర్చుని రెండు చేతులతో రేకను పెదాలకు ఆనిస్తే ఆయన పై నుంచి పోస్తాడు. మధ్యలో ఆగకూడదు. చాలనుకుంటే చేయి ఎత్తాలి. నాకు ఆ మర్యాద తెలియక తల వెనక్కి తీశాను, చొక్కా తడిసింది.

ఉదయం ఎనిమిదింటి ఈతకల్లు తియ్యగా, చల్లగా, నాలుక చివర చిటచిటలాడుతూ ఉంది. పెద్దయ్య నిన్న సాయంత్రం దించినది కూడా రుచి చూపించాడు. తీపి పోయింది, పులుపు, చిన్న కారపు వాసన. చెట్టు మీద లొట్టిలో పడుతూనే రసం పులవడం మొదలవుతుంది. దానికి తోడు వేయక్కర్లేదు, గాలిలోనూ కుండలోనూ ఉన్న సూక్ష్మజీవులే చాలు. కుండ లోపల సున్నం పూస్తే పులుపు ఆగుతుంది, అదే నీరా. మావాడు ఫోనులో ఇదంతా రాసుకున్నాడు.

తర్వాత వాడు ఫ్లాస్కు తీశాడు. గురువారం మిగిలిన వైన్, మంచు మధ్య పెట్టి తెచ్చాడు. స్టీలు గ్లాసులో పోసి పెద్దయ్యకు ఇచ్చాడు. ఆయన ముందు రంగు చూశాడు, తర్వాత వాసన.

“ఏ చెట్టుది?”

“ద్రాక్ష తీగ, తాతా.”

“ఎంత ఎత్తు?”

“పొదల్లాగా పెంచుతారు. మోకాలెత్తు.”

“ఎక్కే పనే లేదన్నమాట.” కాసేపు ఆ సుఖం ఊహించుకున్నట్టున్నాడు. “ఎప్పుడు దించారు?”

“సెప్టెంబరులో కోశారు.”

పెద్దయ్య మా వైపు చూశాడు. మేం వేళాకోళం ఆడటం లేదని తెలుసుకున్నాక మెల్లగా అడిగాడు. “రెండున్నర నెలల కల్లును కొత్తది అంటున్నారా?”

వాడి దగ్గర జవాబు లేదు. ఏడేళ్లుగా లియోన్‌లో నేర్చిన చదువంతా ఆ ఈతచెట్టు కింద ఆగిపోయింది. పెద్దయ్య మాత్రం గ్లాసు ఖాళీ చేసి, మర్యాదగా, “పులుపు బాగుంది. సాయంత్రం లొట్టి అడుగున ఉండేలాంటిది” అన్నాడు. ధర అడిగాడు. సీసా ఏడు యూరోలు, మన డబ్బులో ఏడు వందల పైమాట. “పన్నెండు సీసాల కల్లు” అని లెక్క తేల్చాడు.

ఆయన భార్య అలసంద గుడాలు పంపింది. ఉడికించి, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టినవి. వేడి గుడాలు ఒక పిడికెడు, వైన్ ఒక గుక్క. ఇది సర్వపిండిని కూడా మించింది. అలసందల మట్టి వాసన ఆ పలచని పులుపుకు ఒక బరువు ఇచ్చింది. మేనల్లుడు కళ్లు మూసుకుని నమిలాడు. ఫ్రాన్సులో ఎండబెట్టిన పంది సాసేజ్‌తో, పప్పుల సలాడ్‌తో దీన్ని తాగుతారట. పప్పుల సంగతి నేను నమ్ముతాను.

తాగిన దానికి పెద్దయ్య డబ్బు తీసుకోలేదు, ఇంటికి తెచ్చిన రెండు సీసాలకు నూట ఇరవై ఇచ్చాం. పట్నంలో ఇంత నమ్మకంగా తాగవద్దని బావ దారంతా హెచ్చరించాడు. అక్కడ మత్తుమందు కలిపిన కల్లు తాగి మనుషులు పోయిన వార్తలు ఏటా చూస్తున్నవే. సీసా మూత బిగించవద్దని పెద్దయ్య ఒకటికి రెండుసార్లు చెప్పాడు. డ్రైవరు కారు పాడవుతుందని బిగించాడు. వర్ధన్నపేట రాకముందే ఒక గతుకు దగ్గర మూత ఎగిరి కప్పుకు కొట్టుకుంది, మిగతా కథ సీట్లు చెబుతాయి. శుభ్రం చేయించడానికి ఆరు వందలు.

నవంబర్ 30, ఆదివారం. పాలంపేట, లక్నవరం

రామప్ప గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. 1213 నాటి శాసనం, రేచర్ల రుద్రుడు, 2021లో యునెస్కో గుర్తింపు, ఇవన్నీ గైడు ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నాకు గుర్తుండిపోయింది నల్లరాతి మదనికల నునుపు. ఎనిమిది వందల వానలు చూసిన రాయి నిన్న నూనె రాసినట్టు మెరుస్తోంది. మేడారం జాతర జనవరి చివరలో కనుక ఆ వైపు రోడ్ల మీద తవ్వకాలు, దుమ్ము, రెండు చోట్ల దారి మళ్లింపు.

లక్నవరం చేరేసరికి ఒంటిగంట. ఆదివారం జనం, వేలాడే వంతెన మీద కదలడానికి చోటు లేదు. ఒడ్డున చేపల వేపుడు ప్లేటు నూట యాభై. చేప మంచిదే, మసాలా మాత్రం దాని మీద కక్ష కట్టినట్టుంది. అల్లం, గరం మసాలా, నిమ్మ, రంగు, అన్నీ కలిసి చేపను దాచేశాయి. వైన్ జోడీ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే కొంప ముంచింది. రెండో సీసా కారు వెనక సీటు మీదే ఉండిపోయింది, అద్దంలోంచి ఎండ సూటిగా పడే చోట, నాలుగు గంటలు. తిరిగొచ్చి చూస్తే బిరడా కొంచెం పైకి లేచి, మెడ చుట్టూ ఎర్రటి ధార.

మావాడు సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ములుగు దాటేదాకా మాట్లాడలేదు.

డిసెంబర్ 1, సోమవారం. ఆర్మూర్, అంకాపూర్

కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్. అంకాపూర్ నాటుకోడి కూర పేరు విని విని ఇన్నాళ్లకు కుదిరింది. బావ పాత విద్యార్థి ఒకతను అక్కడ పసుపు, మొక్కజొన్న పండిస్తాడు. బస అతని ఇంట్లోనే.

ముందు ఆర్మూర్‌లో నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కాం. నల్లబడిన గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో లోడు దించి వెళ్లిపోయినట్టు. గుహలోని గుడికి వంగి పోవాలి. బ్రూయీ కొండ మీద కూడా ఇలాగే ఒక చిన్న గుడి ఉందని మేనల్లుడు చెప్పాడు. 19వ శతాబ్దంలో ద్రాక్షకు బూజు తెగులు పట్టినప్పుడు తోటల వాళ్లు మేరీమాతకు కట్టుకున్నదట. “మా పసుపుకు దుంపకుళ్లు వస్తే మేమూ ఇక్కడికే వస్తాం” అన్నాడు మా ఆతిథేయుడు.

అంకాపూర్‌లో కూర కొనే పద్ధతి వేరు. ప్లేటు లెక్క ఉండదు. ముందే ఫోను చేసి కోడి చెప్పాలి, మొత్తం కోడిని వండి అన్నంతో కలిపి కట్టి ఇస్తారు. మాకు ఎనిమిది వందలైంది. ఇంటికి తెచ్చుకున్నాం.

ఎండకు ఉడికిన సీసాను ఏం చేయాలన్నది ప్రశ్న. ఫ్రిజ్ నిండా విత్తనాల పొట్లాలు. ఆతిథేయుడి అమ్మగారు వరండా మూలలో ఉన్న రంజన్ చూపించి, “అందులో పెట్టు బిడ్డా” అంది. వేసవి పోయినా ఆ కుండ తీయలేదు, ఆమె ఫ్రిజ్ నీళ్లు తాగదు. సీసాకు తాడు కట్టి మెడ దాకా నీళ్లలో దించాం, కుండకు తడిగుడ్డ చుట్టాం. గంటన్నరకు తీస్తే సీసా చేతికి చల్లగా తగిలింది. బిరడా తీశాడు. అరటిపండు వాసన లేదు. పండ్లు ఉడికించిన వాసన, జామ్ డబ్బా మూత తీసినట్టు. పాడైందని వాడు, తాగవచ్చని నేను.

కోడికూర గొప్పగా ఉంది. గట్టి ముక్క, ఎండుకొబ్బరి, గసాలు, వేలికి అంటుకునే గుజ్జు. దాని మీద వైన్ తాగితే మాత్రం గొంతులో అగ్గిపుల్ల గీసినట్టయింది. మంట నాలుక మీద ఉండగా మద్యం పడితే మంట పెరుగుతుందే గాని తగ్గదు. మావాడు మూడు ముక్కలతో మూడుసార్లు ప్రయత్నించి గ్లాసు దూరంగా పెట్టాడు. మొహం చిన్నబోయింది. అప్పుడు నాకు సంచిలోని చపాటా గుర్తొచ్చింది.

అమ్మగారు కాయలు చూసి, “ఇవి కారం కావు, రంగు” అని తీసిపారేసింది. అయినా నాలుగు కాయలు వేడినీళ్లలో నానబెట్టి, వెల్లుల్లి, ఉప్పు, కాస్త జీలకర్రతో రోట్లో నూరింది. వండకుండా తీసి ఉంచిన కార్జం, రెండు మెత్తటి ముక్కలు ఆ ముద్ద పట్టించి పెనం మీద వేయించింది. పళ్లెంలోకి వచ్చేసరికి నెత్తురంత ఎరుపు. మేనల్లుడు జంకుతూ కొరికాడు. ఆగాడు. గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

నేనూ తిన్నాను. కార్జం కమ్మదనం, మిరప తీపి, మీద చల్లటి పులుపు. సీసా మొదటి రోజంత తాజాగా లేదు, నిజమే. ఆ ఉడికిన వాసన మాత్రం వేయించిన వెల్లుల్లితో కలిసిపోయి తప్పులా అనిపించలేదు. జొన్నరొట్టె తుంచి పెనం తుడుచుకు తిన్నాం. అమ్మగారు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, “చింతపండు తక్కువైన పచ్చిపులుసు” అని తేల్చి లోపలికి వెళ్లింది. ఐదు రోజుల్లో విన్న తీర్పులన్నిటిలో నాకు ఇదే నచ్చింది. మావాడికి పెద్దయ్య ప్రశ్నే ఇంకా గుచ్చుకుంటోంది.

వాడు 4వ తేదీన విమానం ఎక్కాడు, పెట్టెలో పదిహేను సర్వపిండ్లు, నేను పంచి ఇచ్చిన చపాటా పొడి. నిన్న రాత్రి లియోన్ నుంచి ఒక ఫొటో పంపాడు. తెచ్చుకున్నవి అయిపోయాయట, తనే చేశాడు. లోతైన గిన్నె లేక ప్రెషర్ కుక్కరు అడుగున తట్టాడు. ఒక పక్క మాడింది. కన్నాలు మాత్రం లెక్కగా ఏడు పెట్టాడు.